టిక్

మే నెల. గరివిడి అవతల రైలు గేటు.
వెనక నూట ఇరవై క్రేట్ల సువర్ణరేఖ కాయలు
గడ్డి కింద తమలో తాము మగ్గుతున్నాయి.
డీజిలు ముల్లు ఎర్రగీత మీద పడుకుంది.
సరేలెమ్మని ఇంజను ఆపాను.

గూడ్సు పోయింది. గేటు లేచింది.
తాళం తిప్పితే
టిక్.
అంతే.
గుమ్మం దాకా వచ్చి పేరు పిలిచి
మాట మింగేసిన మనిషిలాగ.

ఆర్టీసీ బస్సు హారను నా వీపు మీద.
ఉపాధి పని ముగించి వస్తున్న ఆడోళ్లు
ఆటో దిగి, పారలు ఒడ్డున పడేసి,
"తొయ్యాలేటి బావూ?" అంటూనే
నేను అడక్కముందే భుజాలిచ్చారు.
ఆ నెలలో అది నాలుగోసారి.

బ్యాటరీ అన్నాడొకడు. అప్పు చేసి మార్చాను.
సెల్ఫ్ మోటారే పోయిందన్నాడు ఇంకొకడు.
మార్చాను. పాతది వాడే ఉంచుకున్నాడు.
జాకీ రాడ్డుతో రెండు తట్టమన్నారు,
తడి గోనె కప్పమన్నారు,
మా బావమరిది నిమ్మకాయ కట్టమన్నాడు.
అన్నీ చేశాను.
తెల్లారి నాలుగింటికి బంగారంలాగ లేచేది.
మధ్యాహ్నం, పరిగెత్తి ఆగాక, టిక్.
అరగంట నీడన నిలబెడితే
ఏమీ ఎరగనట్టు మళ్లీ లేచేది.

అందుకే ఆపడం మానేశాను.
టీకి దిగినా, అన్నానికి దిగినా,
పొదల చాటుకు పోయినా
గుడగుడమంటూనే ఉండేది,
నా కూలి పొగగొట్టంలోంచి పోతూ.

చీపురుపల్లిలో కూర్మయ్య
ముందసలు బండి దగ్గరికే రాలేదు.
బీడీ ఆర్పి ఒక్కటే అడిగాడు:
"సల్లగున్నప్పుడా, కాలినప్పుడా?"
ఇన్నాళ్లలో ఆ మాట అడిగినవాడు లేడు.

రాజాం రోడ్డులో పన్నెండు కిలోమీటర్లు తోలాడు,
నన్ను పక్కన కూచోబెట్టుకుని, నోరు విప్పకుండా.
తిరిగొచ్చి ఆపి, బానెట్టు ఎత్తి,
మీటరు సూదులు రెండూ ఆనించి,
నన్ను తాళం తిప్పమన్నాడు.

టిక్.

"సూడు. బ్యాటరీ కాడ పన్నెండు బయల్దేరతన్నాయి.
దీని నోటికాడికి ఏడే వస్తన్నాయి.
తోవంతా తినీసినోళ్లే.
మోటారు సెడిపోనేదు బావూ,
ఆకలి మీదున్నాది. పక్కన సూస్తే పొయ్యి."

నిజమే. జానెడు దూరంలో ఇంజను గొట్టం
కాగి కాగి దాని ఒంటి మీదే ఊపిరి విడుస్తోంది.
రాగి తీగ వేడెక్కితే కరెంటు మొరాయిస్తుందట.
"నడెండలో బస్తా ఎత్తమంటే నువ్వెత్తుతావా?" అన్నాడు,
జవాబు కోసం చూడకుండా కిందికి దూరుతూ.

ఛాసిస్ మీద ఎర్త్ వైరు విప్పి
ఇనుము తెల్లబడేదాకా ఉప్పుకాగితంతో రుద్దాడు.
బొటనవేలు లావు కేబులు వేశాడు.
తాళం నుంచొచ్చే సన్నతీగకి
కబురు చెప్పే పని మాత్రం ఉంచి
బరువు మొయ్యడానికి ఒక రిలేని పెట్టాడు.
ఆఖర్ని పామాయిలు డబ్బా కత్తిరించి
గొట్టానికీ మోటారుకీ మధ్య అడ్డం బిగించాడు.
డబ్బా మీది చెట్టు బొమ్మ
సగానికి తెగి మోటారు వైపు మిగిలింది.
దానికి దొరికిన నీడ అదే.

పదమూడు వందలు. రెండు వాయిదాలు.

మరుసటి వారం అదే గేటు.
కావాలనే ఆపాను.
ఎన్నాళ్లకో చెవులు నావి నాకొచ్చాయి.
వెనక కాయ మీద కాయ సర్దుకుంటున్న చప్పుడు,
గేటు గదిలో గిన్నె మూత,
ఎవరిదో పిల్ల, ఎక్కిళ్లు.
ఆటోలోంచి ఒకామె నన్ను గుర్తుపట్టి
అప్పుడే ఒక కాలు కింద పెట్టింది.

వద్దమ్మా అని తాళం తిప్పాను.
లేచింది.
ఆమె కాలు లోపలికి తీసుకుంది,
కాస్త చిన్నబోయినట్టే.

అయినా, రాత్రిళ్లు
బండిని ఇంకా పల్లం చూసే పెడుతున్నాను.
చక్రం కింద అదే రాయి.